తెగని ఫౌల్

మొన్న ఆదివారం పుంగనూరు బస్టాండులో ఇద్దరు గుద్దుకున్నారు. ఒకాయన మదనపల్లె బస్సు కదిలిపోతోందని పరుగెత్తుకొస్తున్నాడు. ఇంకొకాయన రెండు చేతులా టమోటా నారు ట్రేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నారంతా నేలపాలైంది. "నువ్వే అడ్డమొచ్చినావు" అని ఒకాయన. "నేను నిలబడిన సోటే నిలబడుండాను, కండ్లు కనపడలేదా నీకి?" అని ఇంకొకాయన. జనం చుట్టూ మూగారు. కుప్పం నుంచి వచ్చిన బస్సు దిగి నేనూ అక్కడ ఆగాను. ఆగి, పక్కకు తిరిగి, "ఏమంటావు అన్నా?" అనబోయాను. పక్కన బఠాణీలు అమ్మే ముసలమ్మ తప్ప ఎవరూ లేరు.

ఆ గొడవ చూసి అలా ఎందుకు అడగబోయానో చెప్పాలి. నేను బడిలో ఆటల టీచర్ని, బాస్కెట్‌బాల్ రెఫరీని. మా ఆటలో పెద్ద తగాదా ఇదే. కదలకుండా నిలబడి ఉన్నవాళ్ల మీదికి బంతితో వచ్చినవాళ్లు పడితే తప్పు వచ్చినవాళ్లది, దాన్ని చార్జ్ అంటాం. నిలబడవలసినవాళ్లు చివరి క్షణంలో జరిగి దారికి అడ్డం పడితే తప్పు అడ్డం పడినవాళ్లది, అది బ్లాక్. వినడానికి ఇంతే. రెండింటికీ మధ్య తేడా రెప్పపాటు. అలాంటి ఒక్క రెప్పపాటు మీద, నేను అన్నా అని పిలిచే మదనపల్లె రెఫరీ ఒకాయనా నేనూ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఆయన పోయిన తర్వాత మా రెఫరీలందరం కలిసి కూర్చోబోయేది ఆ ఆదివారమే మొదటిసారి.

ఆయనకు మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా మండీ ఉండేది. పొద్దున వేలం పాటల్లో అరిచి అరిచి గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. ఆ పాటల అలవాటు మైదానంలోకి కూడా వచ్చేసింది. ఫౌల్ ఇచ్చి, స్కోరు రాసే బల్ల దగ్గరికి వెళ్లి ఆటగాడి నంబరు ఒక్కసారి చెబితే సరిపోతుంది. ఆయన మాత్రం "ఏడో నంబరు, ఏడో నంబరు, ఏడో నంబరు!" అని ముమ్మారు చెప్పి చెయ్యి కిందికి విసిరేవారు. చూసేవాళ్లలో ఎవడో ఒకడు, "పాట కొట్టేసినారా అప్పా?" అని అరిచేవాడు. "కొట్టేసినా, సరుకు ఎత్తుకోని పో" అని ఈయన నవ్వకుండా జవాబిచ్చేవారు. యార్డులో తిరిగేటప్పుడు కూడా చొక్కా జేబులో పెన్ను పక్కన విజిల్ ఉండాల్సిందే. వెనక్కి వస్తున్న లారీకి ఎవరైనా అడ్డం పోతే అది ఊదేసేవారు. ఆ తర్వాత అలవాటుగా, ఆటలో ఫౌల్ ఇచ్చినప్పటిలా పిడికిలి కూడా పైకెత్తేవారట. హమాలీలు ఆ సైగను ఎన్నేళ్లు ఎగతాళి చేశారో లెక్కలేదు.

మా రెఫరీలం కలిసి కూర్చునే కూటమి నెలకో ఆదివారం పుంగనూర్లో. మదనపల్లె వాళ్లకూ కుప్పం వాళ్లకూ అది మధ్యలో పడుతుందని పేరుకు చెప్పుకుంటాం గానీ, నిజానికి ఆయనకు అరగంట ప్రయాణం, నాకు సగం పూట. మాలో ఒకతనికి అక్కడ ఫొటో స్టూడియో ఉంది, దాని వెనక గదిలో పెద్ద టీవీ ఉంది, అసలు కారణం అది. పెళ్లి ఫొటోల కోసం పెట్టిన పూల పరదా, వధూవరులు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు, వాటి మీద చెమట చొక్కాలతో మేము. ఆ నెలలో ఎవరెవరు ఏయే ఆటలు నడిపారో వాటి వీడియోలు టీవీలో పెట్టుకుని, ఇచ్చిన ఫౌళ్లు సరైనవో కావో తగువులాడుకుంటాం.

దానికి కట్టుబాట్లు పెట్టింది ఆయనే. మొదటిసారి ఆపకుండా చూడాలి. చూడగానే ఎవరి తీర్పు వాళ్లు చేతి సైగతో చూపాలి, నోరు విప్పకూడదు. ఆ తర్వాతే వెనక్కి తిప్పడం, నెమ్మదిగా నడపడం, వాదించడం. అందరూ ఒక మాట మీదికి వస్తే ఆ ఆట మూసేసినట్టు. ఒక్కరు ఒప్పుకోకపోయినా మళ్లీ నెలకు వాయిదా. ఆయనతో పెట్టుకుంటే వాయిదాలే ఎక్కువ. ఆకలి దంచేస్తోందని, బస్సుకు టైమైందని మేము తలూపితే ఆయనకు మహా కోపం వచ్చేది. "ఒప్పుకునేది వేరే, నోరు మూసుకునేది వేరే. నువ్వు ఏం చేస్తాండావో సెప్పు ముందు" అని నిలదీసేవారు.

కుర్చీలో కూర్చునేవారు కాదు. మైదానంలో ఉన్నట్టే మోకాళ్లు కాస్త వంచి, టీవీ ముందు అటూ ఇటూ పక్కవాటుగా జరుగుతూ చూసేవారు. తెర మీద ఒక ఆటగాడు ఇంకొకణ్ణి కమ్మేస్తే, ఈయన గబగబా టీవీ పక్కకు పోయి మెడ చాచి తొంగిచూసేవారు.

"టీవీ పక్కన ఏముండాదన్నా, గోడ తప్ప?" అని స్టూడియో అతను పడీపడీ నవ్వేవాడు.

"గోడే కనపడతాండాదిలే" అని ఒప్పుకునేవారు గానీ, మళ్లీ అలాంటి ఆట వస్తే మళ్లీ పోయి తొంగిచూడటం మానలేదు. మేము ఎంత ఎగతాళి చేసినా ఆయనకు పట్టేది కాదు.

ఇక ఆ కుప్పం ఫైనల్ సంగతి. అమ్మాయిల జట్లు, కుప్పానికీ మదనపల్లెకూ పోటీ. రావాల్సిన రెఫరీలు రాలేదు. మిగిలింది మేమిద్దరం. నాది కుప్పం, ఆయనది మదనపల్లె, చెరో జట్టు ఊరివాళ్లు కాబట్టి సరికి సరి అని ఆట పెట్టినవాళ్లు సర్దుకున్నారు.

ఆట ముగియడానికి ఒక ఊపిరి తీసి వదిలేంత సేపుంది. కుప్పం ఒక్క పాయింటు వెనకబడి ఉంది. మా ఊరి అమ్మాయి ఒకతె బంతితో నా పక్కనుంచే దూసుకుపోయింది. బోర్డు కింద మదనపల్లె అమ్మాయి నిలబడి ఉంది. మా అమ్మాయి భుజం దించి ఎగిరింది, ఇద్దరూ ఢీకొని కింద పడ్డారు. బంతి మాత్రం వెళ్లి బుట్టలో పడింది. నేను విజిల్ ఊదాను. సరిగ్గా అదే క్షణాన బోర్డు కింద నుంచి ఇంకో విజిల్ మోగింది. నేను అప్పటికే పిడికిలితో అరచేతిని గుద్ది చార్జ్ అని చూపించేశాను. అంటే తప్పు మా ఊరి అమ్మాయిది, ఆ బుట్ట లెక్కకు రాదు, కుప్పం ఓడిపోయినట్టే. అటు చూస్తే ఆయన ఎత్తిన పిడికిలి మెల్లగా దించుతున్నారు.

జనం లేచారు. మన ఊరి తిండి తిని మదనపల్లెకు విజిల్ ఊదింది, ఎగస్పార్టీ మేడమ్ అని ఒకటే కేకలు. మా జట్టు కోచ్ నన్ను వదిలేసి ఆయన మీదికి వెళ్లాడు.

"అప్పా, నువ్వన్నా సెప్పు. నువ్వూ ఊదినావు గదా?"

"ఊదినాను."

"దేనికి ఊదినావు?"

"మేడమ్ దేనికి ఊదిందో దానికే. ఆయమ్మ సెప్పిందే తీర్పు. ఇంగ పో."

ఆ పూట ఆయన నన్ను ఒంటరిగా ఇంటికి పంపలేదు. నా పక్కనే నడిచారు. వెనక నుంచి ఎవరో కూతలు వేస్తున్నా తిరిగి చూడకుండా, ఆ ఏడు టమోటాకు వచ్చిన తెగులు గురించి తీరిగ్గా చెబుతూ నడిచారు. మా గుమ్మం ముందు చెంబుడు నీళ్లిస్తే గటగటా తాగి, మూతి తుడుచుకుని అప్పుడన్నారు.

"బ్లాకమ్మా అది."

నాకు అర్థం కాలేదు. "ఏంది?"

"బ్లాక్. తప్పు మా ఊరి పాపది. కాలు జరిపింది. మీ పాప బుట్ట నిలబడల్ల."

ఒళ్లు మండిపోయింది. "మరి ఆడ యాల చెప్పలేదన్నా? ఒక్క మాట చెప్పుంటే ఊరు ఊరంతా నన్ను ఇట్ల తిట్టేది కాదు గదా?"

"ఆడ ఇద్దురు రెఫరీలు రెండు మాటలు సెప్తే ఇంగ ఆటేముండాది? నువ్వు ముందు సైగ చేసేసినావు. ఆడికి అయిపోయింది. మనకి అయిపోలేదు, పుంగనూర్లో తేల్చుకుందాం రా" అని చెంబు చేతికిచ్చి వెళ్లిపోయారు.

ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు నా పక్కన నిలబడ్డ మనిషే, నా మాట తప్పని ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు. ఆ రోజు కోపంతో అన్నం తినలేదు. ఇప్పుడు తలుచుకుంటే, అంత మర్యాద నాకు ఇంకెవరూ చెయ్యలేదనిపిస్తుంది.

పుంగనూర్లో తేలలేదు. ఆ ఆటను వీడియో తీసింది మా స్టూడియో అతనే. పెళ్లిళ్లు తీసీ తీసీ అతని చేతికి ఒక జబ్బు పట్టింది. పెద్దమనిషి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ముహూర్తం వేళైనా కెమెరా దానంతటదే అటు తిరిగిపోతుంది. బహుమతులు ఇవ్వాల్సిన ముఖ్య అతిథి సరిగ్గా అప్పుడే మైదానంలోకి వచ్చాడు. మేమంతా ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. అమ్మాయి భుజం దించింది, కాలు నేల వదిలింది, అంతే, తెర నిండా ముఖ్య అతిథి రెండు చేతులా నమస్కారం. కెమెరా తిరిగి వచ్చేసరికి ఇద్దరమ్మాయిలూ నేల మీద ఉన్నారు.

గది గదంతా పగలబడి నవ్వింది. స్టూడియో అతను పూల పరదా వెనక్కి పోయి దాక్కున్నాడు. ఆయన ఒక్కరే నవ్వలేదు. "మొత్తం ఆటంతా తీసి, ఆ ఒక్క ముక్క వదిలేసి ఆయప్ప దండం తీస్తావా? నీ కెమెరా తగలెయ్య!" అని కుర్చీ తన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంగ మన నోర్లే గతి" అన్నారు.

అలా ఆ ఆట మా ఇద్దరి నోళ్ల మీదే బతికింది. ప్రతి కూటమిలో చివరికి దాన్ని పెట్టాల్సిందే. మిగతావాళ్లు టీకి లేచిపోయేవారు. కూటమి లేని వారాల్లో ఫోన్. వెనకనుంచి వేలం పాటల హోరు వినిపిస్తుండగా, "అమ్మా, ఆ పాప ఎట్ల పడింది? పక్కకి పడింది. కదలకుండా నిలబడుంటే ఎల్లకిలా పడల్ల గదా?" అని మొదలుపెట్టేవారు. "భుజం తగిలితే పక్కకే పడతారన్నా" అని నేను. "ఉండు, మళ్లీ చేస్తా" అని పెట్టేసేవారు. చేసేవారు కూడా.

ఒకసారి మదనపల్లెలో పనుండి యార్డుకు వెళ్లాను. నన్ను చూడగానే లెక్కలన్నీ పక్కన పెట్టి, ఒక నిండు క్రేటును నిలువుగా నిలబెట్టి, ఇంకో క్రేటును దాని మీదికి తోసి, అది ఎటు పడుతుందో చూడమన్నారు. అది పక్కకు పడింది. పండ్లన్నీ దొర్లిపోయాయి. "సూడు, పక్కకే పడింది. నిలబడిందే పక్కకి పడింది. అంటే నువ్వు సెప్పిందే..." అని ఆగి, ముఖం గంటు పెట్టుకుని, "క్రేటుకి కాళ్లుండవు. ఇది సెల్లదు" అన్నారు. సరుకు తెచ్చిన రైతు నెత్తి కొట్టుకుంటున్నాడు. ఆ పండ్లు ఏరడానికి నేనూ వంగాల్సి వచ్చింది.

మా బడిలో నేను ఏమన్నా "సరే మేడమ్" అంటారు, వినరు. ఇంట్లో అయితే "నీకేం తెల్సు" అంటారు, అదీ వినకుండానే. ఆయన నా మాటను ఒక్క అక్షరం వదలకుండా విని, నిద్రలో కూడా తిరగేసి, పొద్దున్నే ఫోన్ చేసి కాదనేవారు. కాదనిపించుకోవడంలో అంత సంతోషం ఉంటుందని నాకు ముందు తెలియదు. కుప్పం నుంచి సగం పూట బస్సులో కుదుపులు తింటూ పోయింది దానికోసమే, ఇప్పుడు సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆయనకు కిడ్నీలు చెడిపోయాక మండీకి పోవడం మానేశారు. చూడటానికి మదనపల్లెలో ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ తలుపు తీసి లోపలికి కేకేశారు. "లెయ్యి, నీ కుప్పం ఆయమ్మ వచ్చింది. ఇంగ మొదులుపెట్టుకోండి."

మంచం మీద సగం మనిషయ్యారు. చేతులు సన్నబడిపోయాయి. గొంతులో ఆ బొంగురు కూడా పోయి ఉత్త గాలి మిగిలింది. అయినా నేను కూర్చోకముందే, "ఆ పాప ఎడమ కాలు..." అని ఎత్తుకున్నారు. మాటకూ మాటకూ మధ్య ఆయాసం. నాకు చూడబుద్ధి కాలేదు. "సరేలే అన్నా. బ్లాకే. నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాను.

ఆయన లేచి కూర్చోబోయారు. ఆ కళ్లలో అంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు.

"జబ్బోడని ఇచ్చేస్తాండావా? నీకు కనపడిందా బ్లాకు?"

నేను దుప్పటి సర్దబోయాను.

"కనపడిందా, లేదా?"

"లేదన్నా. నాకు చార్జే."

"ఆ. అట్ల సెప్పు" అని తిరిగి దిండు మీద వాలారు. ముఖం తేటపడింది. "నేను ఇట్ల పండుకోనుండానని ఆటలో ఎవురూ నాకు ఏమీ ఇయ్యాల్సిన పన్లేదు. లేసినాక తేల్చుకుందాం." వాళ్లావిడ కాఫీ తెచ్చి ఇద్దరినీ తిట్టారు.

లేవలేదు. గుర్రంకొండ పక్కన వాళ్ల సొంతూరికి తీసుకెళ్లారు. సాగనంపడానికి రెఫరీలందరం వెళ్లాం. అందరం ఒకచోట చేరి, ఒక్కమాట కూడా అనుకోకుండా నిలబడింది మా బతుకుల్లో అదే.

మొన్నటి కూటమిలో కూడా అలాగే ఉంది. నెలల తరబడి పేరుకున్న ఆటలు వరసగా తెర మీదికి వచ్చాయి. చేతులు లేచాయి, అందరివీ ఒకటే సైగలు, ఒకటి రెండు తేడా వస్తే మర్యాదగా సర్దుకున్నారు. మధ్యాహ్నం కాకముందే అన్నీ తెగిపోయాయి. ఎవరి టీ కూడా చల్లారలేదు.

చివరికి స్టూడియో అతను నా వైపు చూడకుండా అన్నాడు. "మేడమ్, ఆ కుప్పం ఫైనల్‌ది ఒకటి మిగిలుండాది. అది కూడా మూసేద్దామా? ఇంగ కాదనేవాళ్లు లేరు గదా. మనందరికీ చార్జే. మీరు గెలిచినట్టే."

అతని తప్పేం లేదు. మంచి మనసుతోనే అన్నాడు. తలలు ఊపుతున్నారు. నేను కూడా ఊపితే ఆ ఆట తెగిపోతుంది. ఇక దాన్ని ఏ నెలలోనూ పెట్టరు, ఆయన మాట ఎవరూ ఎత్తరు.

"మూయొద్దు" అన్నాను. "ఒకరు ఒప్పుకోలేదు."

"ఎవరు మేడమ్?"

"అన్న ఒప్పుకోలేదు."

"అన్న లేడు గదా మేడమ్" అన్నాడతను మెల్లగా.

"ఆయన లేడని ఆయన మాట కూడా లేదా? పెట్టండి. ఆయన పక్షం నేను మాట్లాడతా."

పెట్టారు. లేచి టీవీ ముందు నిలబడ్డాను. ఆ పాప పక్కకు ఎందుకు పడిందో చెప్పాను. ఎడమ కాలు సంగతి చెప్పాను. భుజం తగిలితే పక్కకే పడతారని ఎవరో అంటే, ఇన్నేళ్లు నేను అన్న ఆ మాటనే, ఆయన కొట్టిపారేసినట్టే కొట్టిపారేశాను. ఇంకొకరు లేచారు. గొంతులు పెరిగాయి. నాకు మాత్రం అది ఇప్పటికీ చార్జే. అయినా ఆయన వాదన ఒక్కటీ వదలకుండా చెప్పాను, అన్నిటికీ జవాబిచ్చాను. చాలా రోజుల తర్వాత ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టైంది.

చౌడేపల్లె నుంచి ఒక అమ్మాయి కొత్తగా మాలో చేరింది. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ మాటల హోరులో ఆమె టీవీ దగ్గరికి వచ్చి, తెర అంచు మీద వేలు పెట్టింది.

"ఈడ స్తంభం పక్కన ఉండేది ఎవరు మేడమ్?"

చూశాను. ఇన్నేళ్లూ మేము నేల మీద పడిన ఇద్దరమ్మాయిలనే చూశాం, ఆయన కూడా వాళ్లనే చూశారు. తెర చివర, బోర్డు స్తంభం పక్కన, బూడిదరంగు చొక్కా, నోట్లో విజిల్, పైకి లేచిన పిడికిలి. ఆరోగ్యంగా ఉన్నారు.

"అన్న" అన్నాను.

"ఆయనకీ ఆ పాపకీ మధ్యలో ఇంకో పాప అడ్డం ఉండాది సూడండి. ఈడ నిలబడుకోని సూస్తే కాళ్లు ఎట్ల కనపడతాయి మేడమ్? ఆయన నిజంగా సూసినారా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. ఆయన మాటలన్నీ నాకు కంఠతా వచ్చనుకున్నాను. వచ్చినవన్నీ ఆయన అప్పటికే చెప్పినవి. ఈ ప్రశ్న ఆయన ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మండిపడేవారో, నవ్వేవారో, ఆ మూడో పాప కదిలాక చూశానని చెప్పేవారో, తల గోక్కుని తప్పు ఒప్పుకునేవారో. చెవులు రిక్కించి వెతుక్కున్నాను, ఒక్క మాట కూడా రాలేదు. ఆయన పోయారని గుర్రంకొండ దగ్గర ఏడవని ఏడుపంతా అప్పుడొచ్చింది.

ఆ అమ్మాయి భయపడి నా చెయ్యి పట్టుకుంది. "నేనేమన్నా తప్పు అడిగినానా మేడమ్?"

"లేదమ్మా, మంచి మాట అడిగినావు" అన్నాను. "అది ఆయన్నే అడగల్ల."